రెండే విలువలతో క్రాసోవర్

కనుమ నాడు జగ్గన్నతోటలో నిలబడితే మోత ఎన్ని వైపుల నుంచి వస్తోందో చెప్పడం కష్టం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న ఆ కొబ్బరితోటలోకి ఏకాదశ రుద్రుల ప్రభలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భుజాల మీద వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం చూపించింది ఈ ప్రభల తీర్థాన్నే. కోనసీమలో తీర్థమైనా, పెళ్ళి ఊరేగింపైనా, వినాయక నిమజ్జనమైనా డప్పులకూ మేళాలకూ తోడు ఇప్పుడు ఇంకొకటి వచ్చి చేరింది. ట్రక్కు మీద పేర్చిన స్పీకరు పెట్టెలు. కింద బేస్ బాక్సులు, పైన టాప్‌లు.

ఈ సెట్లను కాస్త శ్రద్ధగా వింటే ఒక తేడా తెలుస్తుంది. కొన్ని గుండెలదిరేలా మోగుతాయిగాని పాటలో ఒక్క మాటా అర్థం కాదు. కొన్ని అంత గట్టిగా లేకపోయినా డోలక్ దెబ్బ దెబ్బగానే, గొంతు గొంతుగానే వినిపిస్తాయి. ఆంప్లిఫయర్ వాట్లు చూసి ఈ తేడాను అంచనా వేయలేం. చాలాసార్లు అది మిక్సర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఉండే చిన్న పెట్టెలో ఉంటుంది. దాని పేరు యాక్టివ్ క్రాసోవర్. నాలుగు ఐసీలు, గుప్పెడు రెసిస్టెన్సులు, కండెన్సర్లతో ఇంట్లోనే కట్టుకోవచ్చు. కట్టాక పనిచేయకపోతే ఎక్కడ తప్పిందో మల్టీమీటరుతోనూ చెవితోనూ పట్టుకోవచ్చు. అయితే ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. శబ్దాన్ని రెండుగా విడదీయడం తేలిక. విడదీసిన రెండూ వినేవాడి చెవి దగ్గర మళ్ళీ ఒకటిగా కలిసేలా చూడటమే అసలు పని.

ఎందుకు విడదీయాలి

18 అంగుళాల బేస్ స్పీకరు కోను బరువైనది. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగి గాలిని తోయడానికి పుట్టింది. సెకనుకు 5,000 సార్లు కదలమంటే దాని వల్ల కాదు. టాప్‌లో ఉండే హారన్ వెనక డ్రైవర్ యూనిట్‌లో పల్చని పొర మాత్రమే ఉంటుంది. అది పై స్వరాలకు చురుగ్గా కదులుతుందిగాని 50 హెర్ట్జ్ పంపితే హద్దు మీరి ఊగి చిరిగిపోతుంది. అందుకే ఎవరి వాటా వాళ్ళకు వెళ్ళాలి. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయల్ని సైజు వారీగా రాశులు పోసినట్టే క్రాసోవర్ స్వరాల్ని ఫ్రీక్వెన్సీ వారీగా వేరు చేస్తుంది. కాయల్లోలాగే ఇక్కడా సరిహద్దు సైజు దగ్గరే చిక్కంతా. అటూ ఇటూ కాని స్వరాలు రెండు రాశుల్లోకీ కొంత కొంత పోతాయి.

ఈ పనిని ఆంప్లిఫయర్ తర్వాతా చేయవచ్చు, ముందూ చేయవచ్చు. తర్వాత చేస్తే అది పాసివ్ క్రాసోవర్. స్పీకరు పెట్టె లోపల రాగి చుట్ట, కండెన్సరు ఉంటాయి. 8 ఓముల బేస్ స్పీకరుకు 109 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవుకు 12 డెసిబెల్ల వాలుతో విభజించాలంటే సుమారు 23 మిల్లీహెన్రీల చుట్ట, 91 మైక్రోఫారడ్ల కండెన్సరు కావాలి. వందల వాట్లు ఆ చుట్టలోంచే పోవాలి కాబట్టి దాన్ని లావాటి తీగతో చుట్టాలి. అది బరువు, ఖరీదు. దాని సొంత రెసిస్టెన్సులోనే కొంత పవరు వేడిగా పోతుంది. పైగా స్పీకరు 8 ఓములనేది పేరుకే. ఫ్రీక్వెన్సీని బట్టి ఆ విలువ మారుతూ ఉంటుంది కాబట్టి లెక్క వేసిన చోట విభజన జరగదు.

ఆంప్లిఫయర్‌కు ముందే విడదీస్తే వ్యవహారం మారిపోతుంది. అక్కడ వోల్టేజీ ఉంటుందిగాని కరెంటు దాదాపు ఉండదు. 8 ఓముల చోట 22 వేల ఓములు పెట్టుకోవచ్చు. రెసిస్టెన్సు అన్ని రెట్లు పెరిగితే కండెన్సరు దాదాపు అన్ని రెట్లు చిన్నదవుతుంది. 91 మైక్రోఫారడ్ల చోట 47 నానోఫారడ్లు సరిపోతాయి. రాగి చుట్ట అవసరమే లేదు, దాని పని ఐసీలో ఉండే ఆప్‌ఆంప్ అనే చిన్న ఆంప్లిఫయర్ చేస్తుంది. ఖర్చల్లా ఒకటే, బేస్‌కూ టాప్‌కూ వేర్వేరు ఆంప్లిఫయర్లు పెట్టాలి. అందులోనూ ఒక లాభం ఉంది. బేస్ ఆంప్లిఫయర్ శక్తి మించి క్లిప్ అయితే పుట్టే కరుకు పై స్వరాలు బేస్ స్పీకరుకే పోతాయి, హారన్ దాకా చేరి దాన్ని కాల్చవు.

ఇద్దరు అభిరుచిపరుల లెక్క

ఈ సర్క్యూట్ వెనక మూడు మెట్ల చరిత్ర ఉంది. 1930లో స్టీఫెన్ బటర్‌వర్త్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఫిల్టరు ఆంప్లిఫయర్ల మీద వ్యాసం రాశాడు. దాటాల్సిన స్వరాల్ని ఎగుడుదిగుళ్ళు లేకుండా సమంగా దాటించే ఫిల్టరుకు అప్పటి నుంచీ ఆయన పేరే. 1955లో అమెరికాలోని ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో సాలెన్, కీ అనే ఇద్దరు చుట్ట లేకుండా రెసిస్టెన్సు, కండెన్సరు, ఒక ఆంప్లిఫయర్‌తోనే అలాంటి ఫిల్టరు కట్టే పద్ధతి చూపారు.

మూడో మెట్టు ఎక్కినవాళ్ళు ఆడియో కంపెనీ మనుషులు కారు. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ హ్యూలెట్-ప్యాకర్డ్‌లో కొలత పరికరాలు తయారుచేసే ఇంజినీర్లు. స్పీకర్లు కట్టడం వాళ్ళ సరదా. 1976లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చింది. ఒకే చోట లేని రెండు స్పీకర్లకు క్రాసోవర్ ఎలా ఉండాలన్నది దాని విషయం. ఒకటి పైన, ఒకటి కింద ఉన్నప్పుడు సరిహద్దు స్వరం రెండింటిలోంచీ వస్తుంది. రెండూ ఒకే ఫేజులో రాకపోతే కొన్ని దిక్కుల్లో పెరిగి, కొన్ని దిక్కుల్లో తరిగిపోతుంది.

వాళ్ళు చెప్పిన మందు సులువైనది. ఒక బటర్‌వర్త్ ఫిల్టరు మెట్టు తర్వాత అలాంటిదే మరొకటి పెట్టమన్నారు. ఒక్క మెట్టే ఉంటే సరిహద్దు దగ్గర రెండు స్పీకర్లకూ మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది. ఒకటి ముందుకు తోస్తుంటే మరొకటి వెనక్కి లాగుతుంది. రెండు మెట్లుంటే ఆ తేడా 360 డిగ్రీలవుతుంది, అంటే తేడా లేనట్టే. సరిహద్దు దగ్గర ప్రతి స్పీకరుకూ సగం వోల్టేజీ అందుతుంది. సగమూ సగమూ ఒకే ఫేజులో కలిస్తే నిండు స్వరం. సరిహద్దు దాటాక వాలు ఆక్టేవుకు 24 డెసిబెల్లు. స్టేజి షోల స్పీకర్లలో నేటికీ ఎక్కువగా వాడేది ఈ పద్ధతినే.

22కే, 473

లెక్క చిన్నది. ఫ్రీక్వెన్సీ కావాలంటే 0.1125ను రెసిస్టెన్సు, కండెన్సరుల గుణకారంతో భాగించాలి. 22 కిలోఓములను 47 నానోఫారడ్లతో గుణిస్తే 0.001034. భాగిస్తే 108.8, అంటే దాదాపు 109 హెర్ట్జ్. బేస్ బాక్సుకూ టాప్‌కూ మధ్య సరిహద్దు పెట్టడానికి ఇది మంచి చోటు.

ఈ విలువలు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. సాలెన్-కీ మెట్టులో ఒక భాగం మరొకదానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి. 94 నానోఫారడ్ల కండెన్సరు షాపులో దొరకదు, కానీ రెండు 47లు పక్కపక్కన కలిపితే 94. 44 కిలోఓములూ దొరకదు, రెండు 22లు వరసగా కలిపితే 44. కాబట్టి మొత్తం ఫిల్టరుకు రెండే విలువలు చాలు. ఎరుపు, ఎరుపు, నారింజ చారల 22కే రెసిస్టెన్సులు పది. 473 అని రాసి ఉండే 47 నానోఫారడ్ల కండెన్సర్లు పది. ఒక చానెల్‌కు ఇంతే.

కింది స్వరాల మెట్టు ఇలా ఉంటుంది. ఇన్‌పుట్ నుంచి వరసగా రెండు 22కేలు పెట్టి ఐసీ ప్లస్ ఇన్‌పుట్‌కు కలపాలి. ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు ఒక 473. రెండు రెసిస్టెన్సుల నడిమి జాయింటు నుంచి ఐసీ అవుట్‌పుట్‌కు రెండు 473లు పక్కపక్కన. అవుట్‌పుట్‌ను నేరుగా మైనస్ ఇన్‌పుట్‌కు కలపాలి. పై స్వరాల మెట్టు దీనికి తిరగేసినది. వరసగా వెళ్ళేవి రెండు 473లు, ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు వరసగా రెండు 22కేలు, నడిమి జాయింటు నుంచి అవుట్‌పుట్‌కు ఒక 22కే. ప్రతి దారికీ ఇలాంటి మెట్లు రెండు.

టీఎల్072 లాంటి ఐసీలో రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి. నాలుగు ఐసీలంటే ఎనిమిది. నాలుగు ఫిల్టరు మెట్లకు పోతాయి. ఒకటి మొదట బఫరు, లేకపోతే మిక్సర్ అవుట్‌పుట్ ప్రభావం ఫిల్టరు మీద పడుతుంది. రెండు అవుట్‌పుట్లకు వాల్యూమ్ కంట్రోల్ తర్వాత రెండు బఫర్లు. ఎనిమిదోది మిగులుతుంది. దాన్ని రెండు 22కేలతో ఫేజు తిప్పే మెట్టుగా కట్టి బేస్ దారిలో ఒక స్విచ్‌తో పెట్టుకోవాలి. ఇది అలంకారం కాదు, తప్పులు పట్టే సాధనం. దాని పని తర్వాత చెబుతాను.

ఐసీ విషయంలో షాపుల్లో వాదన నడుస్తూ ఉంటుంది. 4558 వేస్తే చాలని ఒకరు, ఎన్ఈ5532 వేస్తేనే నాణ్యతని ఒకరు అంటారు. కానీ 22 కిలోఓముల రెసిస్టెన్సు తన వేడి వల్లే రూట్ హెర్ట్జ్‌కు సుమారు 19 నానోవోల్టుల సొద పుట్టిస్తుంది. టీఎల్072 సొద 18. 5532 సొద 5 నానోవోల్టులే అయినా పక్కనే రెసిస్టెన్సులు అంత సొద చేస్తుంటే ఆ లాభం వినపడదు. పైగా 5532 ఇన్‌పుట్ లాగే కరెంటు ఇంత రెసిస్టెన్సులోంచి పోయి తన వంతు సొద కలుపుతుంది. ఇక్కడ టీఎల్072 చక్కగా సరిపోతుంది.

కండెన్సర్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఫిల్టరులో పాలిస్టర్ రకమే వాడాలి. బిళ్ళలాంటి సిరామిక్ వాటి విలువ వేడికీ వోల్టేజీకీ మారుతుంది. అవి ఐసీ సప్లై కాళ్ళ దగ్గర 104 అని రాసి ఉండే కండెన్సర్లుగా వేయడానికి మాత్రమే. పది శాతం తేడా ఉండే కండెన్సర్లు ఓ ఇరవై తెచ్చి, మీటరుతో కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని జత చేయాలి. సరిహద్దు 109 బదులు 104 అయినా ప్రమాదం లేదు. బేస్ దారికీ టాప్ దారికీ వేర్వేరు సరిహద్దులైతేనే కలయిక చెడుతుంది.

టాప్ లోపల మిడ్‌కూ హారన్‌కూ మధ్య కూడా ఇదే బోర్డు పనిచేస్తుంది. 473ల చోట 332లు వేస్తే సరిహద్దు 1,550 హెర్ట్జ్. 222లు వేస్తే 2,325. డ్రైవర్ యూనిట్ ఎంత కిందకు తట్టుకుంటుందో దాని కాగితంలో చూసి ఎంచుకోవాలి.

కరెంటు సంగతి

బోర్డుకు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు కావాలి. బ్రిడ్జి, 2,200 మైక్రోఫారడ్ల కండెన్సర్లు రెండు, 7812, 7912 రెగ్యులేటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం 12-0-12 కాకుండా 15-0-15 తీసుకోవాలి. కారణం ఊళ్ళో లైను. జాతర రోజున లోడు పెరిగి 230 వోల్టులు 180కి దిగాయనుకోండి. 12 వోల్టుల చుట్ట 9.4 ఇస్తుంది. బ్రిడ్జి దాటాక శిఖరం 12.6 వోల్టులు. 7812కు కనీసం 14 అందాలి, లేకపోతే అది నిలబెట్టలేదు. ఒక్క ఐసీలే అయితే ఆప్‌ఆంప్‌లు ఆ ఊగిసలాటను చాలావరకు అణిచేస్తాయి. కానీ అదే సప్లైకి బ్లూటూత్ బోర్డు, ఫ్యాను తగిలించడం మనవాళ్ళకు అలవాటు. అప్పుడు పాట మధ్యలో జీర మొదలవుతుంది. 15 వోల్టుల చుట్టయితే 180 దగ్గర కూడా దాదాపు 16 వోల్టులు మిగులుతాయి. జనరేటరు 250 ఇచ్చినా 22 దాటి కొంచెం, రెగ్యులేటరు హద్దు 35. ఫిల్టరు కండెన్సర్లు మాత్రం 25 వోల్టులవి కాకుండా 35వి వేయాలి.

కొత్తగా కట్టేవాళ్ళు పొరపడే చోటు ఇక్కడొకటి ఉంది. 7812 కాళ్ళు వరసగా ఇన్‌పుట్, గ్రౌండు, అవుట్‌పుట్. 7912కు గ్రౌండు, ఇన్‌పుట్, అవుట్‌పుట్. రెండూ ఒకేలా కనిపిస్తాయిగాని ఒకేలా కలిపితే మైనస్ వైపు పనిచేయదు. పైగా 7912 వెనక రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ మైకా లేకుండా ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే సప్లై షార్టే.

తప్పు వెతికే వరస

కట్టిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఐసీలు సాకెట్లలో ఉండకూడదు. నాలుగు సాకెట్ల దగ్గరా ఎనిమిదో కాలు మీద ప్లస్ 12, నాలుగో కాలు మీద మైనస్ 12 వస్తున్నాయో లేదో చూడాలి. తర్వాతే ఐసీలు పెట్టాలి. పెట్టాక ఒకటి, ఏడు కాళ్ళ మీద డీసీ కొలవాలి. కొన్ని మిల్లీవోల్టులు ఉంటే సరే. పది పదకొండు వోల్టుల దగ్గర అతుక్కుపోయి ఉంటే ఆ బోర్డును ఆంప్లిఫయర్‌కు తగిలించకూడదు. డీసీని అడ్డుకోని ఆంప్లిఫయర్ అయితే అది నేరుగా స్పీకరు కాయిల్‌ను కాలుస్తుంది. పై స్వరాల మెట్టులో ఇలా జరిగితే అనుమానించాల్సింది ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు వెళ్ళే 22కేల జతను. మిగతా దారిలో కండెన్సర్లే ఉంటాయి కాబట్టి ఆ ఇన్‌పుట్‌కు డీసీ దారి అదొక్కటే. అక్కడ సోల్డర్ సరిగ్గా అంటకపోతే ఐసీ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఇక ఫిల్టరు పరీక్ష. ఫోనులో టోన్ జనరేటర్ యాప్, 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరు చాలు. చౌక పసుపు మీటర్లలో ఏసీ 200 వోల్టుల రేంజి నుంచే మొదలవుతుంది, అవి ఈ పనికి రావు. మామూలు మీటర్లు ఏసీని సరిగ్గా కొలిచేది కొన్ని వందల హెర్ట్జ్ దాకానే. మన సరిహద్దు 109 కావడం అందుకూ కలిసొచ్చింది.

ఇన్‌పుట్‌కు 400 మిల్లీవోల్టులు వచ్చేలా ఫోను వాల్యూమ్ సర్దండి. 109 హెర్ట్జ్ దగ్గర రెండు అవుట్‌పుట్లూ 200 చూపాలి. 54 హెర్ట్జ్ దగ్గర బేస్ అవుట్‌పుట్ సుమారు 376, టాప్ అవుట్‌పుట్ 24. 218 దగ్గర ఇవే అంకెలు అటుదిటు అవుతాయి. పదిహేడు వంతుల్లో పదహారు ఒకరికి, ఒక వంతు మరొకరికి.

ఈ అంకెలు తప్పిన తీరే తప్పు ఎక్కడుందో చెబుతుంది. 109 దగ్గర 200 బదులు 280 వస్తే రెండు మెట్లలో ఒకటి ఫిల్టరు చేయకుండా స్వరాన్ని ఊరికే దాటిస్తోంది. ఏదో ఒక చోట సోల్డర్ కలిసిపోయి ఉంటుంది. 100 మాత్రమే వస్తే ఒక మెట్టులో జంట ఉండాల్సిన చోట ఒంటరిదీ, ఒంటరిది ఉండాల్సిన చోట జంటా పడ్డాయి. రెండు మెట్లలోనూ అదే పొరపాటు చేస్తే 50. ఏమీ రాకపోతే ఇన్‌పుట్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఐసీ అవుట్‌పుట్ చూసుకుంటూ వెళ్ళాలి. స్వరం ఎక్కడిదాకా ఉండి ఎక్కడ పోయిందో ఆ రెండు చోట్ల మధ్యే తప్పు.

హమ్మింగ్ వస్తే ముందు దాని స్థాయిని వినాలి. 50 హెర్ట్జ్ అయితే మెత్తగా, లోతుగా గుయ్‌మంటుంది. దీనికి ట్రాన్స్‌ఫార్మర్ బోర్డుకు దగ్గరగా ఉండటమో, గ్రౌండు రెండు దారుల్లో తిరిగి చుట్టగా మారడమో కారణం. 100 హెర్ట్జ్ అయితే కాస్త కరుగ్గా జీరగా ఉంటుంది. అది సప్లైది. మిక్సర్ కేబుల్ పీకేస్తే హమ్మింగ్ ఆగిపోతే బోర్డులో దోషం లేదు, బయటి గ్రౌండు చుట్టదే తప్పు. ఇలాంటప్పుడు త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం కొందరికి అలవాటు. తడి నేలల్లో, చెరువు గట్ల మీద, గోదావరి ఇసుక తిన్నెల మీద ఆ పని ప్రాణం తీస్తుంది. మిక్సర్, క్రాసోవర్, ఆంప్లిఫయర్లు అన్నింటికీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. అయినా తగ్గకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎర్త్ జోలికి వెళ్ళకూడదు.

పాట ఆపినా హారన్ వేడెక్కుతోందా, ఐసీ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అయితే చెవికి వినపడనంత పై ఫ్రీక్వెన్సీలో ఐసీ తనంతట తానే ఊగుతోంది. సప్లై కాళ్ళకు అంటిపెట్టుకుని 104లు లేకపోవడం ఒక కారణం. పొడవాటి షీల్డ్ వైరు నేరుగా ఐసీ అవుట్‌పుట్‌కు తగిలించడం మరొకటి. అవుట్‌పుట్‌లో 100 ఓముల రెసిస్టెన్సు ఒకటి వరసగా పెడితే చాలావరకు కుదురుతుంది.

వాల్యూమ్ తిప్పితే కరకరమంటే క్లీనర్ కొట్టి ఊరుకోకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కంట్రోళ్ళు, సాకెట్లు త్వరగా చిలుము పడతాయన్నది నిజమే. కానీ కంట్రోల్ మీద డీసీ ఉన్నా అదే చప్పుడు వస్తుంది. శుభ్రం చేసినా పోకపోతే డీసీ కొలవాలి. సోల్డర్ పేస్టు మిగులును ఆల్కహాల్‌తో తుడిచి బోర్డు అడుగున వార్నిష్ పూస్తే ఈ తేమలో బోర్డు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంట్లో మోగి, ట్రక్కు మీద మొరాయిస్తే కారణం ఎక్కువగా పగిలిన సోల్డరే. పాట మోగుతుండగా పెన్సిల్ వెనక భాగంతో ఒక్కో భాగాన్నీ మెల్లగా తడుతూ వెళ్తే దొరుకుతుంది.

బోర్డు బాగున్నా చెడే చోటు

అంకెలన్నీ సరిగ్గా వచ్చాక కూడా మైదానంలో డోలక్ దెబ్బ పేలవంగా ఉంటే బోర్డు విప్పకండి. పెట్టెలు ఎక్కడున్నాయో చూడండి. మన 30 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు వెళ్తుంది. 109 హెర్ట్జ్ అల పొడవు 3.2 మీటర్లు. బేస్ బాక్సులు స్టేజి ముందు నేల మీద, టాప్‌లు 1.6 మీటర్లు వెనక స్టేజి మీద పెట్టారనుకోండి. ఎదురుగా ఉన్నవాళ్ళకు టాప్ నుంచి వచ్చే అల సరిగ్గా సగం పొడవు వెనకపడుతుంది. బోర్డులో కుదిర్చిన ఫేజు గాలిలో తలకిందులవుతుంది. సరిహద్దు చుట్టూ ఉన్న స్వరాలు, అంటే డోలక్ ఒళ్ళూ మగగొంతు అడుగూ, తినేసినట్టు పోతాయి.

అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది. స్పీకరు వైర్లలో ప్లస్ మైనస్‌లు మారిపోవడం. కొత్త కేబుల్ కట్టినప్పుడు ఒక చివర రెండు తీగలు అటుదిటు అయితే ఫలితం అదే.

ఎనిమిదో ఆప్‌ఆంప్‌తో కట్టిన ఫేజు స్విచ్ అవసరం ఇక్కడే. బేస్, టాప్ రెండూ మోగేలా 109 హెర్ట్జ్ స్వరం పెట్టి, విడివిడిగా రెండూ సమానంగా వినిపించేలా వాల్యూమ్ సర్ది, పది పదిహేను మీటర్ల దూరంలో నిలబడండి. స్విచ్ మామూలు వైపు ఉన్నప్పుడు స్వరం నిండుగా ఉండాలి. తిప్పినప్పుడు బాగా పడిపోవాలి. ఎంత లోతుగా పడిపోతే కలయిక అంత బాగా కుదిరినట్టు. తిప్పినప్పుడే పెరిగితే ఎక్కడో తీగలు మారాయి, లేదా పెట్టెలు సగం అల దూరంలో ఉన్నాయి. తిప్పినా పెద్ద తేడా తెలియకపోతే రెండింటికీ మధ్య పావు అల దూరం ఉంది, అంటే దాదాపు 80 సెంటీమీటర్లు. పెట్టెల ముందు భాగాలు ఒకే వరసలోకి జరిపి మళ్ళీ వినాలి.

ఇదంతా గట్టిగా మోగించడం కోసం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు సాధారణంగా ఆరుబయట మైకు పెట్టకూడదు. మిగతా వేళల్లోనూ బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఎట్టి పరిస్థితుల్లోనూ 75 డెసిబెల్లు దాటకూడదు. కలయిక కుదరని సెట్‌లో మాట వినపడటం లేదని ఆపరేటరు వాల్యూమ్ పెంచుతాడు. ఊరంతా దద్దరిల్లుతుంది, మాట మాత్రం అలాగే ఉంటుంది. కుదిరిన సెట్‌లో తక్కువ వాల్యూమ్‌కే మాట తెలుస్తుంది.

ఈ రోజుల్లో ఈ పని మొత్తం డిజిటల్ ప్రాసెసర్ చేసేస్తుంది. వాటిలో క్రాసోవర్ రకం ఎంచుకునే చోట ఎల్ఆర్24 అని కనిపిస్తుంది. అది 1976లో లింక్‌విట్జ్, రైలీ రాసిన లెక్కే. పెట్టెల దూరాన్ని మిల్లీసెకన్లలో సర్దే సౌకర్యం కూడా అందులో ఉంటుంది. 1.6 మీటర్లకు అది 4.6 మిల్లీసెకన్లు. అయినా తెర మీద గీత ఎంత చక్కగా ఉన్నా గాలిలో ఏం జరిగిందో ఆ తెరకు తెలియదు. కాబట్టి ప్రాసెసర్ కొన్నా, బోర్డు కట్టినా మైదానంలో మొదటి పరీక్ష ఒకటే. సరిహద్దు స్వరం పెట్టి ఫేజు తిప్పండి. స్వరం పడిపోకపోతే కలయిక కుదరలేదు, పాట మొదలుపెట్టకముందే కారణం వెతకాలి.